దంతవైద్యుని డాష్‌బోర్డు దిగ్విజయము

భానుడు నడిమింటిని దాటి పడమటికి ఒరుగుచుండగా, వీధికుక్కలు ఆగియున్న లారీల నీడలందు యోగనిద్ర వహించియుండగా, రేకులకప్పు గల ఒకానొక కారుషెడ్డులో, రణభేరికి బదులు పాత ఫ్యాను గరగర మ్రోగుచుండగా, ఒక మహావీరుడు కారు ముందుసీటులో తలక్రిందులై యుండెను. పాదములు సీటు వీపున, శిరస్సు స్టీరింగు క్రింద, స్క్రూడ్రైవరు పలువరుస నడుమ.

అతడు వృత్తిచే పళ్లడాక్టరు. అసంఖ్యాక జ్ఞానదంతములను సమూలముగా పెకలించిన ఉద్దండుడు. కారు అతని మామగారిది. యౌవనమున కొని, కన్నబిడ్డవలె సాకి, చూపు మందగించిన పిదప అల్లుని చేతిలో తాళములుంచుచు ఆ వృద్ధుడు ఆనతిచ్చిన మాటలివి:

"నడపండి, కడగండి. విప్పకండి. మా గోడగడియారం మీరు విప్పినప్పటి నుంచీ దానికి పొద్దుగూకడం లేదు."

అయినను, డాష్‌బోర్డుపై ఈ కొస నుండి ఆ కొసకు సాగు వెండివన్నెల లోహపు పట్టీ తుప్పుమచ్చలతో వెలవెలబోవుట చూచి వీరహృదయము సహింపలేదు. మామగారి చెవిని పడకుండ గుట్టుగా కొత్త పట్టీ తెప్పించెను. గుట్టుగానే యుద్ధమునకు దిగెను.

అంతలో వంటింటి కిటికీ నుండి ధర్మపత్ని కంఠము వినవచ్చెను.

"ఏవండీ! నాన్న ఆటో ఎక్కారట. కార్లో ఓసారి అలా తిరిగి రావాలని ఉందట. విప్పింది బిగించేశారా?"

విప్పుటయే ఇంకను ముగియలేదు.

"ఆఁ, అయిపోవచ్చింది!" అని వీరుడు అసత్యమాడి, పాత పట్టీ వైపు తిరిగి, కనులెర్రజేసి, మేఘగంభీర స్వరమున ఇట్లు గర్జించెను:

"ఓరీ తుప్పుపట్టిన దురహంకారీ! నీకంటె మొండి దవడలను చూచితిని! నీకంటె లోతైన వేళ్లను పెకలించితిని! మర్యాదగా ఊడివత్తువో, మత్తుసూది లేకుండ పీకించుకొందువో తేల్చుకొనుము!"

అది తేల్చుకొనలేదు. అతడు అంచు క్రింద పలుచని అట్లగరిటె దూర్చి, ఊపిరి బిగబట్టి, ఒక్క పెట్టున లాగెను. వెనుకనున్న క్లిప్పులు టపటప విరిగెను. పట్టీ ఊడుచు ఊడుచు వీరుని బొటనవ్రేలిని కోసి మరీ నేలకొరిగెను. నిత్యము పరుల నోట రక్తము చూచి "ఏం కాదు, పుక్కిలించండి" అను ఆ ధీరుడు, తన రక్తబిందువు నొకదానిని చూచి కుయ్యోమనెను.

కొత్త పట్టీ వెనుక చిన్న చిన్న బోల్టులు గలవు. అవి డాష్‌బోర్డు రంధ్రములలో దూరవలెను. లోపలి నుండి వాటికి నట్టులు బిగింపవలెను. అన్నియు దూరెను. నట్టులును ఒకదాని వెంట నొకటి బిగిసెను. కడపటి నట్టు మాత్రము వ్రేళ్ల నడుమ నుండి జారి, తీగల కీకారణ్యములో అంతర్ధానమయ్యెను. నోటిలోనికి దూర్చు చిన్న అద్దము తెచ్చి చూడగా, స్పీడోమీటరు వెనుక, వైర్ల కట్టపై హాయిగా కూర్చుండి అది మిలమిల నవ్వుచుండెను. దానికై సాచిన హస్తము లోనికి పోయెను; వెలికి రాదయ్యెను.

"ఏమేవ్!" అను ఆర్తనాదము షెడ్డు రేకులను కంపింపజేసెను.

ఇల్లాలు కొంగు దోపుకొని వచ్చెను. "ఏమైంది?"

"చెయ్యి పట్టేసింది."

"ఏ చెయ్యి?"

"రేపు ఆస్పత్రిలో కావాల్సిన చెయ్యి!"

ఆమె గిన్నెల సబ్బు తెచ్చి మణికట్టుపై పోసెను. హస్తము జర్రున వెలువడెను. పిదప ఆమె గాజులు తీసి సీటుపై నుంచి, "జరగండి," అనెను.

ఆమె సన్నని చేయి పాతాళమున ప్రవేశించెను. అతడు ఒక చేత టార్చి, ఒక చేత అద్దము పట్టి త్రోవ చూపుచు, అలవాటున, "నొప్పనిపిస్తే చెయ్యెత్తండి," అనెను.

"ఎత్తాల్సిన చెయ్యి లోపలుంది. ఎడమకా, కుడికా చెప్పండి ముందు."

"కుడికి... ఇంకొంచెం... అదిగో!"

నట్టు దొరకెను, బోల్టు నెక్కెను, బిగిసెను. ఆమె వెలికి వచ్చి, ఆ అద్దమును వ్రేలితో చూపి, "ఇది మాత్రం మళ్లీ ఎవరి నోట్లోనూ పెట్టకండి," అని శాసించెను. సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమనెను. పాత పట్టీ కాలితో కారు క్రిందికి త్రోయబడెను.

మామగారు వచ్చిరి, తలుపు తీసి నెమ్మదిగా కూర్చుండిరి. మసకబారిన కన్నులను డాష్‌బోర్డుకు దగ్గరగా జేర్చి, దానిని పసిబిడ్డ నుదురు నిమిరినట్లు, ఆ కొస నుండి ఈ కొసకు బొటనవ్రేలితో నిమిరిరి. ఆ వ్రేలు కడపటి నట్టు ఉన్నచోట ఆగెను.

"అల్లుడుగారూ," అని ఆయన గొంతు సవరించుకొనెను, "పట్టీ భలే తుడిచారండీ! ఇన్నేళ్లు రుద్దినా నాకింత మెరుపు రాలేదు. ఏం పెట్టి తుడిచారు?"

విజయగాథ వీరుని నాలుక చివరకు వచ్చెను. "అసలు నేనూ..." అని నోరు తెరచెను. భార్య అతని పాదమును గట్టిగా త్రొక్కెను.

"ఓపిక పెట్టి, నాన్నా," అనెను. ఎవరి ఓపికయో మాత్రము చెప్పలేదు.

మామగారు కిటికీ దించి, మోచేయి బయట పెట్టి, "పోనివ్వండి," అనిరి.

ఇట్లు, పంటిబిగువున ఘోరసంగ్రామమొనర్చి, రక్తమోడ్చి, అసత్యమాడి, ఆ జానెడు వీధిలో ఎవరికిని చెప్పుకొనుటకు వీలులేని మహావిజయమును సాధించిన ఆ పళ్లడాక్టరు, స్టీరింగు ముందు కూర్చుండి, నోరు మూసుకొని, మొదటి గేరు వేసెను.