రూటర్‌లో వీఐపీ వరస

ఒక పెద్ద అడవిలో, శ్రావణ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి, మా కుందేళ్ళ ఇంట్లో కోడలికి నొప్పులు మొదలయ్యాయి. అంతకు కొద్దిరోజుల ముందే మా జంతుసభ రూటర్‌కు నియమాలు పెట్టింది. ముందు ఆ వైభవం చెప్పాలి.

అడవి మొత్తానికి ఉన్నది ఒకే రూటర్. అందరూ ఒకేసారి వాడితే నెట్ నత్తనడక నడిచేది. సభవారు ఇంజనీరు నక్కను పిలిపించారు.

"ఏముందండీ, దేనికి ముందు దారి ఇవ్వాలో రూటర్‌కు చెబితే చాలు," అంది నక్క. "ఫోను మాట చిన్నది, కానీ కాస్త ఆగినా ముక్కలైపోతుంది. దాన్ని ముందు పంపుదాం. సినిమాలు కాసేపు ఆగితే కొంపలేం మునగవు."

అధ్యక్షులు ఏనుగుగారు తొండం సవరించుకున్నారు. "అంటే, నా వీడియో ఆగి ఎలుక మాట ముందు పోతుందా?"

"ఎవరిదని రూటర్ చూడదండీ, ఏమిటని చూస్తుంది."

"అదే దాని లోపం. చూసేట్టు చెయ్యి. గుళ్ళో లేవూ, పెద్దలకో వరస, మిగతావాళ్ళకో వరస?"

నక్కకు ఉద్యోగం కావాలి. వీఐపీ వరస పెట్టేసింది. అందులోవాళ్ళంతా వెళ్ళాకే మామూలు వరస కదులుతుంది.

మర్నాడే ఎలుగుబంటి తేనె వ్యాపారమని చేరింది. నెమలి కళాసేవ అంది. మా ఆయన ఊరుకుంటారా? "మా ఆవిడ భజన దేవుడి పనండీ" అని మా ఇంటినీ చేర్పించి వచ్చారు. వద్దనలేదు నేను. "మరీ వెనక వెయ్యలేదు కదా?" అని మాత్రం అడిగాను.

చివరికి మామూలు వరసలో కొంగ తెల్లమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడ మంత్రసాని. పురుళ్ళ మధ్య సభకు వెళ్ళి బతిమాలుకునే తీరిక దొరకలేదు.

ఆ శుక్రవారం గాలివానకు తెల్లమ్మ వాగు దాటి రాలేకపోయింది. "ఫోన్లో చెబుతాను, చెప్పినట్టు చెయ్యండి" అంది. ఆ తర్వాత ఆవిడ మాట తెగి తెగి వచ్చింది. పిల్ల అడ్డం తిరిగింది. కోడలిని ఎటు పడుకోబెట్టాలో కూడా మాకు తెలియలేదు.

నాకు తోచింది ఒక్కటే. భజన బృందాన్నంతా వీడియోలోకి పిలిచాను. ఇంటింటి కుందేళ్ళూ తాళాలు పట్టుకుని, మా కోడలి సుఖప్రసవం కోసం అందుకున్నారు. భజన గంట కొట్టినట్టు వినిపించింది. తెల్లమ్మ మాట పూర్తిగా ఆగిపోయింది.

"ఇదేమిటి స్వామీ, నీ నామం చెబుతుంటేనే ఇలా" అనుకుని, ఇంకా గట్టిగా పాడమన్నాను.

కోడలు నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, దేవుడికి మీ మాట వినపడటానికి నెట్ అక్కర్లేదు. నాకు తెల్లమ్మ మాట వినపడాలంటే కావాలి. ఆపండి."

ఆపేశాను. అప్పటికి వానకి ఎలుగుబంటి కొట్టు మూసేసింది, నెమలి ఎక్కడో తడుస్తోంది, ఏనుగుగారు వీడియో ఆపి నిద్రపోయారు. మా భజన కూడా తప్పుకునేసరికి దారి ఖాళీ అయింది.

"ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టమ్మా," అంది తెల్లమ్మ. "ఆఁ, ఇప్పుడు మెల్లగా."

మధ్యాహ్నానికి పిల్లలంతా క్షేమంగా భూమ్మీద పడ్డారు.

మర్నాడు పొద్దున్నే మా ఆయనా నేనూ స్నానాలు చేసి సభకు వెళ్ళాం. వీఐపీ వరసలోంచి మా పేరు తీయించుకోవాలనే బయల్దేరాం. అక్కడ తమ పేరు ఇంకా ముందుకు జరపమని తోసుకుంటున్నవాళ్ళను చూశాక మనసు ఆగలేదు. పసివాళ్ళను కూడా అందులో చేర్పించి వచ్చాం.

నీతి: ఆ వరస తప్పు అని అందరికంటే ముందు తెలుసుకున్నవాళ్ళే, అందులోంచి బయటికి రావడానికి అందరికంటే వెనక నిలబడతారు.