అరుంధతి ఇంటినిండా చీటీలు

ఆ ఉదయం సింగపూర్‌లో, బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో అరుంధతి వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం మూడింటికి ఇంగ్లీషు పరీక్ష. పాసైతే పసిపిల్లల కేంద్రంలో ఉద్యోగం. రెండు మాటలు కలిసి ఒకే పేరయ్యే పాఠమొక్కటే బుర్రకెక్కడం లేదు. అందుకని వాషింగ్ మెషీన్, రైస్ కుక్కర్, బుక్ షెల్ఫ్... జంటపేరున్న ప్రతి వస్తువు మీదా ఆ పేరు రాసి పసుపు చీటీ అంటించింది.

"నీ ఇంగ్లీషు వింటే పిల్లలు జడుసుకుంటారే," అని నవ్వి భర్త సుధాకరరావు ఆఫీసుకు వెళ్ళాడు. అది 1999. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ మరిచిపోతాయని కంపెనీలు బెంబేలెత్తి, తెలుగువాళ్ళను విమానాల్లో దింపుకుంటున్న కాలం.

ఎదురింటి సలీమా కరివేపాకు కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కాంట్రాక్టు అయిపోయి ఇండియా వెళ్ళిపోయేవాళ్ళు సామానుకు చీటీలు అంటించి అమ్మేస్తారు. ముందుగా ఎవరు తమ పేరు అంటిస్తే వస్తువు వాళ్ళదే.

"అక్కా, ఎప్పుడు?"

"ఇవాళే, మూడింటికి. గుండె దడదడలాడిపోతోంది."

"ఇయ్యాలేనా! నాకొక్క మాట చెప్పకపోతివి!"

"అయ్యాక చెబుదామనుకున్నా."

సలీమా చెప్పిందేమో, గంటలో ఆరుగురు ఆడవాళ్ళు దిగారు. హైమావతి ఆంటీ ఫ్రిజ్ మీద తన పేరు అంటించేసింది. "ఇది నేను చోప్ చేశానమ్మా, ఇంక నాదే!"

"ఆంటీ, మేమెక్కడికీ పోవట్లేదు! నేను చదువుకుంటున్నా!"

"మా దగ్గర దాపరికమెందుకే!" అని ఆవిడ అక్కణ్ణించే భర్తకు ఫోన్ చేసింది. ఆయనది సుధాకరరావు ఆఫీసే.

రెండింటికి సుధాకరరావు రొప్పుతూ వచ్చాడు. "నేను మానేస్తున్నానని మేనేజర్ నా కాంట్రాక్టు ఆపేశాడు! అన్నీ పీకెయ్! పరీక్షా లేదు, గిరీక్షా లేదు!"

"పీకను. పరీక్షా మానను."

ఇంతలో ఫోన్ మోగింది. మేనేజరే. "సార్... అదేం లేదు సార్..." అంటూ సుధాకరరావు నీళ్ళు నమిలాడు. అరుంధతి రిసీవర్ లాక్కుంది.

"మిస్టర్ టాన్! హస్బెండ్ నో గోయింగ్. ఐ గోయింగ్. ఎగ్జామ్! యూ గివ్ కాంట్రాక్ట్. ఐ నో టైమ్. బై!"

ఫోన్ పెట్టేసి, సంచీ భుజాన వేసుకుని, హైమావతి ఆంటీని పక్కకు జరిపి బయటికి నడిచింది. సాయంత్రానికల్లా ఆమె పాసయిందని పరీక్ష పెట్టినవాళ్ళు చెప్పారు.

మర్నాడు మేనేజర్ సుధాకరరావు చేతిలో రెండేళ్ళ కాంట్రాక్టు పెట్టి, సంతకానికి ముందు ఇంట్లో ఒకసారి అడిగి రమ్మన్నాడు.