స్థానిక రొయ్యకు మంత్రిగారి హామీ

"స్థానికంగా పుట్టిన ప్రాణి ఒక్కటి ఉన్నా, మీ గుట్ట మీద రాయి కదలనియ్యను!" అని మంత్రిగారు వనపర్తి సభలో ప్రకటించారు. గుట్టను క్వారీకి ఇస్తారని భయపడుతున్న మా ఊరంతా చప్పట్లు కొట్టింది. అంత గొప్ప మనసు గురించి పేపరు చదివేవాళ్లకు తెలియాలని నా డైరీలోంచి ఎత్తి రాస్తున్నాను.

గుట్ట మీద బండలో ఒక దొన ఉంది. మా రుక్కమ్మ అవ్వ మేకలకు అందులో నిలిచే వాననీళ్లే దిక్కు. ఆ నీళ్లలో బియ్యపు గింజంత గాజు రొయ్యలు తిరుగుతాయి. ఎండలకు అవి చచ్చిపోతాయి. గుడ్లు మాత్రం ఎండిన మట్టిలో ఉండి, మళ్లీ వానకు పిల్లలవుతాయి.

యూనివర్సిటీ నుంచి అఖిల మేడం వచ్చింది. "వీటి జన్యువులను వేరే నీళ్లలో రొయ్యలతో పోల్చి చూస్తాం. వేల ఏళ్లు ఈ దొనలో ఇవే ఒకదానితో ఒకటి జతకడితే, వేరే వంశం అయి ఉంటాయి" అంది.

"అన్నీ మేనరికాలే అన్నట్టు," అన్నది అవ్వ. "మా ఇంట్ల లెక్కనే."

నమూనా తానే స్వయంగా తీస్తానన్నారు మంత్రిగారు. అది మే నెల. దొన ఎండిపోయి ఉంది.

"ఎండిన మట్టి ముందట ఫోటో ఎట్ల దిగుతరు? గీకుండ్రి!" అన్నారు ఏర్పాట్ల ఇన్‌చార్జి రామచంద్రయ్య సారు. గీకారు. బ్లీచింగ్ చల్లి కడిగారు. బీచుపల్లి దగ్గర కృష్ణానది నీళ్లు ట్యాంకర్‌తో తెచ్చి నింపారు. గీకిన మట్టి రెండు తట్టలు అవ్వ తెచ్చుకుని, మేకల తొట్టి పగుళ్లకు మెత్తింది.

మంత్రిగారు సీసా ముంచి, సీలు వేయించి, "ఎవరికన్నా అభ్యంతరమా?" అని అడిగారు. నేను లేచి నిలబడ్డాను. నోరు పెగల్లేదు.

"సంతోషంతో పాపకు మాట రాలే!" అని నాకు శాలువా కప్పారు.

సీసాలోవన్నీ కృష్ణానది పురుగులేనని రిపోర్టు వచ్చింది. మంత్రిగారు చలించిపోయారు. "నాన్‌లోకల్ జీవులు మన గుట్టను కబ్జా పెట్టినయి! సహించను!" అని, వర్షాకాలం పోగానే కొట్టుకొమ్మని గుట్టను బామ్మర్దికి అప్పగించారు.

జూన్ వానకు తొట్టి నిండింది. వారానికి అందులో గాజు రొయ్యలు.

"ఏమే, గివి నా కొంపకు యాడికెల్లి ఒచ్చినయే?" అంది అవ్వ.

ఫోన్లో నాకు మాట రాదు. అఖిల మేడంకు ఉత్తరం రాశాను. ఆమె వచ్చి పరీక్ష చేసి, ఇంకెక్కడా లేని వంశమని తేల్చింది. సోమవారం పెద్ద సార్ల ముందు వాటిని మళ్లీ చూపిస్తే గుట్ట కొట్టడం ఆగుతుందట. అది విని మంత్రిగారు తానూ వస్తానన్నారు.

ఆదివారం సాయంత్రం మా ఇంట్లో బిందెలన్నీ నిండిపోయాయి. తాగడానికి అవ్వ పక్కింట్లో నీళ్లు అడిగి తెచ్చింది.

తెల్లారి రామచంద్రయ్య సారు బ్లీచింగ్ డబ్బాతో దిగారు. "పాపా, మంత్రిగారు చూస్తరు. తొట్టి జర కడగాలె."

"కడిగేసినం సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

సారు తొట్టిలోకి తొంగిచూశారు. చుక్క లేదు.

"శభాష్! సహకారమంటే గిట్లుండాలె," అని నా తల నిమిరి, వాకిలి దిక్కు తిరిగి కేకేశారు.

"ట్యాంకర్ రానియ్యిండ్రి!"