వెలుతురును బట్టి చెత్త

"సాంతా ఫిలోమెనా పురప్రజలకు శుభవార్త. మన ప్రియతమ మేయర్, గౌరవనీయులైన వాషింగ్టన్ సెదేన్యో గారి దూరదృష్టి వల్ల ఈ నెల నుంచి చెత్త ఛార్జీ కట్టడానికి మీరు మున్సిపల్ ఆఫీసు దాకా రావలసిన శ్రమ తప్పింది. అది మీ కరెంటు బిల్లులోనే కలిసి వస్తుంది. మీ సౌకర్యమే మా ధ్యేయం."

ఈ ప్రకటన చదివింది నేనే. నా పాత పికప్ బండి నెత్తిన రెండు మైకులున్నాయి. మున్సిపాలిటీ ప్రకటనలు, చావు కబుర్లు, చేపల ధరలు నా నోటి మీదుగానే ఊరికి చేరతాయి. మూడింటికీ ఒకే గొంతు వాడతాను. జనం కూడా మూడింటినీ ఒకేలా వింటారు.

ఈ నిర్ణయం వెనక ఎంత మేధస్సు ఉందో పాఠకులకు చెప్పడం నా బాధ్యత. మేయర్ గారు గెలిచిన కొత్తలో ఊరి మొదట్లో మూడంతస్తుల సిమెంటు రొయ్యను నిలబెట్టారు. దాని మీసాలకు రంగురంగుల లైట్లు పెట్టించారు, పగలు కూడా వెలుగుతాయి. రొయ్య లేచింది, బడ్జెట్ పడుకుంది. చెత్త లారీలో డీజిలు పోయడానికి కూడా డబ్బు మిగల్లేదు. చెత్త ఛార్జీ వసూలు చేద్దామంటే ఆఫీసు కౌంటరు దాకా వెళ్ళి కట్టే జనం తక్కువ. వెళ్ళినవాళ్ళకి అక్కడ మనిషి కనబడిన సందర్భాలు ఇంకా తక్కువ.

అప్పుడు రాజధాని కీటో నుంచి ఇంజనీర్ ఫాబ్రిసియో గారిని పిలిపించారు. ఆయన ల్యాప్‌టాప్ తెరిచి, కౌన్సిల్‌కి ఒక సిద్ధాంతం చెప్పాడు. లైటు ఉన్నచోట మనిషి ఉంటాడు. మనిషి ఉన్నచోట చెత్త ఉంటుంది. కాబట్టి కరెంటును కొలిస్తే చెత్తను కొలిచినట్టే. ఎవరింట్లో మీటరు ఎక్కువ తిరిగితే వాళ్ళు ఎక్కువ చెత్త పోసినట్టు లెక్క. చెత్తను తూచడానికి కాటాలు అక్కర్లేదు, తూచే మనుషులు అక్కర్లేదు, ఆ మాటకొస్తే చెత్త కూడా అక్కర్లేదు. పైగా ఎవడైనా ఛార్జీ ఎగ్గొడితే కరెంటు కంపెనీ వాడే వచ్చి వైరు కోసేస్తాడు. కౌన్సిలర్లు నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు.

తీర్మానాన్ని వాషింగ్టన్ గారు ప్రతిపాదించారు, ప్రతిపక్ష కౌన్సిలర్ నెపోలియన్ గారు బలపరిచారు. వాషింగ్టన్, నెపోలియన్ చేతులు కలపడం ప్రపంచ చరిత్రలో ఎక్కడా జరగలేదు, మా ఊళ్ళో జరిగింది. ఆ వారమే నెపోలియన్ గారి మేనల్లుణ్ణి చెత్త లారీకి సూపర్‌వైజరుగా వేశారు. రెండు సంగతులకీ ఏ సంబంధమూ లేదని ఇద్దరూ నాతో విడివిడిగా చెప్పారు, నేను ఇద్దరినీ నమ్మాను. తీర్మానం పాసయ్యాక ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిపారు. మా దగ్గర వరస అదే.

మొదటి బిల్లులు వచ్చాయి. మా వీధిలో అందరూ దోన్యా, అంటే అమ్మగారూ, అని పిలిచే ఎర్మెలిందాకి వచ్చిన బిల్లు చూసి వీధంతా ముక్కున వేలేసుకుంది.

ఎర్మెలిందా మొగుడు పోయిన మనిషి. ఆమెకున్న ఆస్తి ఒక ఫ్రీజరు. చింతపండు రసం, మామిడి రసం చిన్న చిన్న పాలిథిన్ కవర్లలో పోసి, మూతి ముడేసి, గడ్డకట్టించి అమ్ముతుంది. సముద్రం మీద నుంచి ఎండకి మాడి వచ్చిన బెస్తవాళ్ళు ముందు ఆమె గుమ్మం తొక్కి, తరవాతే పెళ్ళాం మొహం చూస్తారు. "నా మొగుడికంటే ఈ ఫ్రీజరే నయం, రోజూ పనిలోకి వస్తుంది" అని ఆమె నవ్వుతూ అంటుంది. ఆ ఫ్రీజరు ఆగితే ఆమె పొయ్యి కూడా ఆగుతుంది. ఇంట్లో రెండో ఆదాయం లేదు. ఫ్రీజరు ఆగదు కాబట్టి మీటరూ ఆగదు. అందువల్ల సిద్ధాంతం ప్రకారం ఊళ్ళో అందరికంటే ఎక్కువ చెత్త పోసేది ఎర్మెలిందాయేనని తేలింది.

ఆమె బిల్లు పట్టుకుని మున్సిపాలిటీకి వెళ్ళిన రోజు నేను ప్రకటన కాగితాల కోసం అక్కడే కూర్చున్నాను. మేయర్ గారు, ఇంజనీరు ఇద్దరూ ఉన్నారు. మేయర్ గారు ఆమెకు కుర్చీ వేయించారు. ఆయన మర్యాదలో ఎప్పుడూ లోటు చేయరు.

"మా ఇంట్లో చెత్తెక్కడుందయ్యా? తొక్కలు పందికేస్తా, టెంకలు ఎండబెట్టి పొయ్యిలో పెడతా. మీ లారీ మా గుమ్మం దగ్గర ఆగి ఎన్నాళ్ళయిందో మీకే తెలీదు."

"ఫ్రీజరు రాత్రింబగళ్ళు తిరుగుతోందమ్మా," అన్నాడు ఇంజనీరు. "ఇంత కరెంటు కాలి చెత్త రాకుండా ఉండటానికి సైన్సు ఒప్పుకోదు."

"మరి మీ రొయ్యకి పగలు కూడా దీపాలే. అదెంత చెత్త పోస్తోంది?"

ఇంజనీరు మేయర్ గారి వైపు చూశాడు. మేయర్ గారు నిండుగా నవ్వారు.

"అది కళ, దోన్యా. కళలో చెత్త ఉండదు."

"ఒర్లాందో షెడ్డు మాటేంటి? లారీ అంతా ఆ రొయ్యల తలకాయలే కదా. ఆయన బిల్లు నాదాంట్లో పిసరంత కూడా లేదంట."

ఒర్లాందో గారు రొయ్యల షెడ్డు యజమాని, మేయర్ గారి బావమరిది. ఆయన షెడ్డు సొంత జనరేటరు మీద నడుస్తుంది. జనరేటరుకి మీటరు లేదు, మీటరు లేదు కాబట్టి ఆ షెడ్డులో చెత్త లేదు. ఈ సంగతి ఇంజనీరు ఆమెకి ఓపిగ్గా రెండుసార్లు విడమరిచి చెప్పాడు.

"ఆ కంపో?" అంది ఎర్మెలిందా.

"కంపు మా శాఖ కాదమ్మా."

అయినా మేయర్ గారు ప్రజల మనిషి కనక అక్కడికక్కడే విచారణ కమిటీ వేశారు. ఇంజనీరు, లారీ సూపర్‌వైజరైన నెపోలియన్ గారి మేనల్లుడు సభ్యులు. చుట్టుపక్కల జనానికి విషయం చెప్పడానికి నన్నూ వెంట రమ్మన్నారు. కమిటీ మంచం కింద చూసింది, పొయ్యి వెనక చూసింది, పందిని కూడా లేపి చూసింది. చెత్త కనబడలేదు. ఎండగా ఉందని ఎర్మెలిందా తలా ఒక చింతపండు ఐసు ఇచ్చింది. కమిటీ వారు చప్పరించి, ఖాళీ కవర్లు వాకిట్లో పారేశారు. ఆ ఇంట్లో దొరికిన మొదటి చెత్త అదే. ఇంజనీరు వెంటనే వంగి దాన్ని ఫొటో తీశాడు.

చెత్త ఉన్నట్టు ఆధారాలు లభించాయని, మిగతాది ఎక్కడో దాచిపెట్టారని రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టు కూడా నేనే చదివాను. ఎర్మెలిందా గుమ్మంలో నిలబడి ఆసాంతం వింది. బాగా చదివావు విల్ఫ్రీదో, అంది. మెచ్చుకుందో తిట్టిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఈలోగా ఊరు తెలివి మీరింది. కరెంటు కాలిస్తేనే చెత్త ఛార్జీ అని అర్థమయ్యాక ఇంటింటా బల్బులు ఆపేశారు. సాయంత్రమయ్యేసరికి అందరూ వాకిళ్ళలో ఊయలలు కట్టుకుని చీకట్లో కబుర్లాడుకోవడం మొదలుపెట్టారు. టీవీలు మూగబోయాయి, మొగుడూ పెళ్ళాలు చాలా ఏళ్ళ తరవాత మాట్లాడుకోక తప్పలేదు, దాని వల్ల జరిగిన గొడవలు వేరే సంగతి. మున్సిపాలిటీ కూడా ఊరుకోలేదు. కరెంటు కాల్చనివాడికి చెత్త ఉండదు కనక అలాంటి ఇంటి ముందు లారీ ఆగనక్కర్లేదని ఆర్డరు వేసింది. పాట మోగించుకుంటూ వచ్చిన లారీ అదే పాటతో వెళ్ళిపోయేది. జనం బుట్టలు పట్టుకుని దాని వెనక పరిగెత్తేవాళ్ళు. సూపర్‌వైజరు వెనక్కి తిరిగి, మీ దగ్గర చెత్త లేదు కదా, ఉంటే మీటరు చూపించండి అని కేకేసేవాడు.

మిగిలింది ఒక్కటే ఇల్లు. ఊళ్ళో చట్టప్రకారం చెత్త పోసే హక్కు ఎర్మెలిందా ఒక్కదానికే ఉంది. ముందు పక్కింటావిడ మొహమాటపడుతూ ఒక సంచి తెచ్చింది. ఎర్మెలిందా ఆ సంచి వంక చూసి, "తెచ్చి పడేయండమ్మా. కట్టేది నేనే కదా, నా డబ్బుకి తగ్గ చెత్తన్నా నా గుమ్మంలో ఉంటుంది" అంది. ఆ మాట వీధి దాటి ఊరంతా పాకింది. తట్టలు, బుట్టలు, విరిగిన కుర్చీలు, అరటి గెలల కాడలు, ఎవరో పాత మంచం కూడా తెచ్చారు. లారీ వచ్చేది, ఆగేది, కానీ అప్పటికే ఒర్లాందో గారి షెడ్డులో ఉత్పత్తి కాని రొయ్యల తలకాయలతో అది నిండిపోయి ఉండేది. ఎర్మెలిందా వాకిట్లో గుట్ట పెరిగింది.

ఇంజనీరు వచ్చి ఆ గుట్టను చూశాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. సిద్ధాంతం నిజమైన రోజు ఏ సైంటిస్టుకైనా అలాగే ఉంటుంది. ఊరంతా చీకటి, ఊరంతా శుభ్రం. ఒక్క ఇంట్లో కరెంటు, ఆ ఒక్క ఇంటి ముందే చెత్త. ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఆ సాయంత్రమే ఎర్మెలిందాను గృహస్థుల జాబితాలోంచి తీసి ఫ్యాక్టరీల జాబితాలో వేశారు. మా ఊరికి చాలాకాలంగా ఫ్యాక్టరీ లేని లోటు అలా తీరింది.

ఫ్యాక్టరీ బిల్లు వచ్చిన రోజు పొద్దున్నే ఆమె వీధిలో వాళ్ళందర్నీ పిలిచింది. ఫ్రీజరు తలుపు బార్లా తీసి, ఉన్న ఐసులన్నీ పంచిపెట్టింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, కరిగేలోపు తినమంది. పిల్లలు ఎగబడ్డారు. పెద్దవాళ్ళు ఐసు చేత్తో పట్టుకుని, తినడానికి మొహం చెల్లక నిలబడ్డారు. ఖాళీ అయ్యాక ఆమె వైరు లాగేసింది. ఫ్రీజరు ఒకసారి గుర్రుమని ఆగిపోయింది. తరవాత కరెంటు కంపెనీకి వెళ్ళి మీటరు కూడా తీసేయమంది. ఫ్రీజరును ఒర్లాందో గారు కొనుక్కున్నారు, జనరేటరు ఉంది కనక ఆయనకి ఇబ్బంది లేదు.

ఆ రోజు నాకు మైకు పట్టుకోబుద్ధి కాలేదు. ఎన్నో చావు కబుర్లు చదివాను, ఏనాడూ అలా అనిపించలేదు. కానీ ఆ మధ్యాహ్నం నా చేతికిచ్చిన కాగితంలో మరో శుభవార్త ఉంది. మీటర్ల లెక్క ప్రకారం సాంతా ఫిలోమెనాలో చెత్త దాదాపు మాయమైంది. రాష్ట్రంలోనే అత్యంత పరిశుభ్రమైన పట్టణంగా మన ఊరు ఎంపికైంది. బహుమతి ఇవ్వడానికి గవర్నరు గారే స్వయంగా వస్తున్నారు. నేను ఎప్పటి గొంతుతోనే చదివాను.

సభ చర్చి ముందు మైదానంలో. స్టేజీ మీద గవర్నరు గారికి చల్లటిది ఏదైనా ఇద్దామంటే ఊళ్ళో ఐసు ముక్క దొరకలేదు, ఒర్లాందో గారు కొన్న ఫ్రీజరు నిండా రొయ్యలే. గోరువెచ్చటి కొబ్బరి నీళ్ళు ఇచ్చారు. మేయర్ గారు పొగడ్తలు కానిచ్చాక ఆదర్శ పౌరురాలికి పతకం అన్నారు. పోయిన నెల ఊళ్ళోకెల్లా ఎక్కువ చెత్త పోసి, ఈ నెల పూర్తిగా మానేసిన మహిళ. అందరూ తలలు తిప్పి చూశారు. ఎర్మెలిందా భుజాన గోనెసంచితో వచ్చింది. సంచి కింద పెట్టమన్నా పెట్టలేదు. సంచితోనే స్టేజీ ఎక్కింది.

ఈ ఘనత ఎలా సాధించారో నాలుగు మాటలు చెప్పమని గవర్నరు గారు అడిగారు. మైకు నేనే పట్టుకున్నాను.

"ఫ్రీజరు అమ్మేశానయ్యా," అంది.

చప్పట్లు మోగాయి. త్యాగం, అన్నారు గవర్నరు గారు. మరి ఇప్పుడు జీవనాధారం ఏమిటని అడిగారు.

"చెత్తేనయ్యా. మా వాకిట్లో గుట్ట ఎవరూ తీయట్లేదు. దాంట్లో సీసాలు, డబ్బాలు ఏరి అమ్ముకుంటన్నా. తమరు పెద్దవాళ్ళు, ఒక్క మాట అడుగుతా. ఊళ్ళో చెత్త ఇంకా తగ్గించకండి. మళ్ళీ నాకు కూడుండదు."

గవర్నరు గారు పతకం ఆమె మెడలో వేశారు. వెనక వరసలో ఇంజనీరు ల్యాప్‌టాప్ తెరవడం నేను చూశాను.

మర్నాడు కొత్త కాగితం వచ్చింది. ఊళ్ళోని చెత్త యావత్తూ మున్సిపాలిటీ ఆస్తి. దాన్ని ఏరుకుని లాభం పొందేవారు సర్వీస్ ఛార్జీ చెల్లించాలి. నేను బండి నడుపుకుంటూ చదివాను. గుట్ట దగ్గరికి వచ్చేసరికి ఎర్మెలిందా చెయ్యెత్తి బండి ఆపింది.

"ఇదెందులో కలిపిస్తారు విల్ఫ్రీదో? నాకు మీటరే లేదు కదా."

కాగితంలో దానికి సమాధానం లేదు. అందుకని ఆ ప్రశ్నను మేయర్ గారి చెవిన వేశాను. తన పాలనలో ఒక పేదరాలు బిల్లు లేకుండా బతుకుతోందంటే తనకు అన్నం ఎలా సయిస్తుందన్నారు. ఆ వారంలోనే నిచ్చెన తెచ్చి ఎర్మెలిందా గోడకి కొత్త మీటరు బిగించారు, పూర్తిగా ఉచితం. దానికి రిబ్బను కట్టారు, మేయర్ గారు కత్తిరించారు. వాషింగ్టన్ గారికి కత్తెర అందించింది నెపోలియన్ గారే.

దీపం ఎక్కడ పెడతారని ఎర్మెలిందా అడిగింది. ఇంజనీరు ఫైలు తిరగేసి చూసి, పథకంలో మీటరు వరకే ఉందని చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం.