అరచేతి పొలంలో అంతర పంట

ఆ ఉదయం లారిసా మైదానం మీద ఆకాశం నల్లగా మబ్బు పట్టి, వడగళ్లు వేయాలా వద్దా అని తటపటాయిస్తూ ఉంది. (సాగు డైరెక్టరేటు అనుమతి ఇంకా అంది ఉండదు.) గ్రీసు దేశంలో మొలిచే ప్రతిదీ ప్రభుత్వానికి తెలిసే మొలవాలన్నది నాగరికత ఎక్కిన ఆఖరి మెట్టు. గడ్డానికి మాత్రం తాత్కాలిక మినహాయింపు ఉంది.

ఆ మెట్టు మీద కాలు జారింది అగోరిత్సాకు. ఆమె వైద్య కళాశాల ప్రయోగశాలలో, గర్భాశయపు లోపలి పొర నుంచి తీసిన కణాలను అరచేతిలో పట్టేంత గిన్నెలో పెంచుతుంది. పైన ఒక రకం, కింద ఇంకో రకం, నడుమ జల్లెడలాంటి సన్నని తెర. బిడ్డను నిలుపుకోవాలంటే ముందు ఈ రెండు రకాలూ తమలో తాము ఏదో మాట్లాడుకోవాలి. ఆ మాట వినడమే ఆమె ఉద్యోగం.

గ్రీకులు చేలో పత్తి వేయడాన్నీ, గిన్నెలో కణాలు పెంచడాన్నీ ఒకే మాటతో పిలుస్తారు. ఇంతకాలం దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. దేశంలోని సాగులన్నింటినీ ఒకే యాప్‌లో చేర్చిన రోజున మొదలైంది. అగోరిత్సా గిన్నె పొలమైంది. రెండు రకాలు కలిసి పెరుగుతున్నాయి కనుక అది అంతర పంట అయింది. కణాలను ఒంటివేడిలో ఉంచే పెట్టెను యాప్ నీటి మోటారుగా గుర్తించి, పొలానికి ఇరవైనాలుగు గంటలూ కరెంటు దేనికని జాలిపడి, సాగునీటి వంతుల్లో చేర్చేసింది. ఈ మధ్యాహ్నం నుంచి కరెంటు మొక్కజొన్న రైతులది.

ఆమె ఫిర్యాదు విభాగానికి ఫోను చేసింది. ఉప అదనపు సాగు సమన్వయాధికారి ఎంతో మర్యాదగా విన్నాడు.

“మీది పొలం కాదని రుజువు కావాలి కదమ్మా. ఒకసారి దున్ని చూడండి. ఏమీ మొలవకపోతే రాసిచ్చేస్తాం.”

పెట్టె చల్లబడితే కణాలు చస్తాయి. అవి పోతే మళ్లీ దొరకవు. అవి లెమోనియావి. పక్క వీధి బేకరీలో పనిచేసే లెమోనియా రోజూ పొద్దున్నే వచ్చి, హాస్టల్లో పిల్లల్ని చూడవచ్చినదానిలా తలుపు దగ్గర నిలబడి అడుగుతుంది.

“ఏమంటున్నాయే నావి?”

“పైవి అడుగుతూనే ఉన్నాయక్కా. కిందివే పలకడం లేదు.”

“అచ్చం మా అమ్మే. అలిగిందంటే వారం దాకా నోరు విప్పదు. ఇంకాస్త బతిమాలమను.”

“బతిమాలుతున్నాయి. ఇవాళో రేపో పలుకుతాయి. వెచ్చగా ఉంటేనే.”

అప్పుడే సాగు ఇన్‌స్పెక్టరు థ్రాసివులోస్ పత్తి చేలోంచి నేరుగా తనిఖీకి వచ్చాడు. బురద బూట్లకు నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని లోపల అడుగుపెట్టాడు.

“పొలం ఎక్కడ డాక్టరమ్మా?”

అగోరిత్సా పెట్టె తెరిచి చూపింది. అతను వంగి చాలాసేపు చూశాడు.

“గట్టు తగాదాలున్నాయా?”

“లేవండి.”

“అదృష్టవంతులు. నీళ్లు?”

“గులాబీ రంగువి. రోజు విడిచి రోజు మారుస్తాను.”

“ఎరువు?”

“హార్మోన్లు.”

“కోత?”

“అసలు పొలంలోనైతే నెలకోసారి దానంతటదే రాలిపోతుంది.”

థ్రాసివులోస్ చెవులు ఎర్రబడ్డాయి. గర్భాశయం అన్న మాట అతను భార్య ముందు కూడా ఏనాడూ అని ఎరగడు. ‘నేల రకం’ అన్నచోట ‘తడి నేల’ అని నొక్కి గొంతు సవరించుకున్నాడు.

‘పొలం మధ్యలో నిలబడి ఫోటో తీయండి’ అంది యాప్. అతను స్టూలెక్కాడు. వంగాడు. ఒంటికాలి మీద నిలిచాడు. ‘మీరు పొలం బయట ఉన్నారు’ అంది. లెమోనియా వెనకనుంచి నడుము పట్టుకుంటే ఇంకాస్త ముందుకు వాలాడు. ఫోను నీడ గిన్నె మీద పడింది. ‘మీరు పొలంలో ఉన్నారు. దయచేసి పంట తొక్కకండి.’

“భూమి యజమాని ఎవరు?”

లెమోనియా పిండి అంటిన చెయ్యి ఎత్తింది. “నేనే.”

తరవాతి ప్రశ్నను అతను నేలకేసి చూస్తూ చదివాడు. “ఇదివరకు వేసిన పంటలు.”

“అది వదిలేయండి ఇన్‌స్పెక్టరు గారూ” అంది అగోరిత్సా.

“వదిలేస్తే ముందుకు కదలదమ్మా ఇది.”

“మూడుసార్లు వేశాం” అంది లెమోనియా. “ఒక్కటీ నిలవలేదు.”

పెట్టె గుయ్‌మంటోంది. అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“నష్టానికి కారణం చెప్పాలి తల్లీ. వడగళ్లు, వరద, అడవి పందులు. ఒకటే నొక్కనిస్తుంది.”

“కారణం తెలీదన్నారు డాక్టర్లు.”

“ఆ గడి లేదు.”

“అయితే అడవి పందులే నొక్కండి. మా ఆయన్ని ఒకసారి చూశారంటే మీకే నమ్మకం కుదురుతుంది.”

అగోరిత్సా పకపకా నవ్వేసి, తప్పు చేసినట్టు నోరు మూసుకుంది. అప్పటికే లెమోనియా కూడా నవ్వుతోంది, కళ్లనీళ్లు వచ్చేదాకా. ఇన్‌స్పెక్టరు మాత్రం ప్రభుత్వ హోదాలో ఉన్నాడు కనుక భుజాలతో నవ్వి, అడవి పందులు నొక్కాడు.

యాప్ కాసేపు గిర్రున తిరిగింది. ‘పంట నష్టపోయిన రైతు సోదరునికి ప్రభుత్వం ప్రగాఢ సానుభూతి తెలుపుతోంది. నష్టం దృష్ట్యా మీ మోటారుకు కరెంటు ఆపబడదు.’

లెమోనియా ఆ మొదటి వాక్యాన్ని మళ్లీ చదవమంది. అతను చదివాడు. (ఆ మూడుసార్లూ ఆసుపత్రి ఆమె చేతికిచ్చింది పార్కింగు రసీదు ఒక్కటే.)

ప్రయోగశాలలో తినడం నిషేధం. పొలం గట్టున తినడం మాత్రం రైతు హక్కు. అందుచేత తలుపు బయటి వరండాను గట్టుగా పరిగణించారు. లెమోనియా బేకరీ నుంచి తెచ్చిన పొరల రొట్టె విప్పింది, లోపల మేకపాల జున్ను. ముగ్గురూ గోడకు ఆనుకుని కూర్చుని తిన్నారు. బయట వడగళ్లు మొదలయ్యాయి. అనుమతి వచ్చినట్టుంది. ఎవరూ మాట్లాడలేదు. తలుపవతల కిందివి పలికితే వినబడాలి కదా.

మధ్యలో ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు చూసి, పైకి చదవకుండా లెమోనియా ముందు పెట్టాడు.

‘వచ్చే ఏడు కూడా ఇదే పంట వేయదలిస్తే ఒకటి నొక్కండి.’

ఆమె వేలికంటిన నూనె గౌనుకు తుడుచుకుని నొక్కింది.

‘మీ వంతు వచ్చేవరకు పొలం వదిలి వెళ్లకండి.’

ఎవరూ కదల్లేదు. రొట్టె ఇంకా ఉంది.