నాన్న కారుకు కొత్త స్టార్టరు

ఆ సోమవారం పొద్దున వాచీలు బాగుచేసే పెద్దమనిషి వేసుకున్న పథకం చాలా చిన్నది. షాపు తెరిచేలోపు షెడ్డులోకి వెళ్ళి, నాన్న కారు ఒకసారి స్టార్టు చేసి చూసి, బాగానే ఉందని అక్కకు ఫోన్ చేసి చెప్పాలి. అరగంట పని. ఆదివారం అక్క వస్తోంది. నాన్న పోయిన ఈ పన్నెండేళ్ళలో ఆవిడ ఈ ఇంటి గడప తొక్కలేదు. కోపంతో కాదు, నాన్న లేని ఇంటికి రావడానికి మనసొప్పక. ఇప్పుడు తనంతట తానే ఫోన్ చేసి ఒక్కటే అడిగింది.

"పొద్దున్నే పక్క మీద పడుకుని నాన్న కారు శబ్దం వినేదాన్నిరా. ఒక్కసారి వినిపిస్తావా?"

అడగడమే తడవు, ఈయన ఒప్పేసుకున్నాడు. నిజానికి ఆ శబ్దం ఎలా ఉండేదో ఈయనకు తెలియదు. నాన్న బయల్దేరే వేళకు ఏనాడూ నిద్ర లేచిన పాపాన పోలేదు. ఆ సంగతి మాత్రం అక్కకు చెప్పలేదు. నాన్న పోయాక కదలని ఆ కారుకు ముందురోజే బ్యాటరీ చార్జి చేయించి, పెట్రోలు పోయించి ఉంచాడు.

తాళం తిప్పాడు. కారు గరగరమని దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ దగ్గింది. మూడోసారి తిప్పడానికి ఆయన వృత్తి ఒప్పుకోలేదు. టిక్కుటిక్కులో తేడా వస్తే వాచీ విప్పేయడమే ఆయనకు తెలిసిన వైద్యం. వెంటనే వీధి చివరి మెకానిక్‌ను పిలిపించి స్టార్టరు మోటారు ఊడదీయించాడు.

మోటారు చివర, ఇంజను చక్రాన్ని పట్టుకుని తిప్పే చిన్న పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. కొత్తది తేవాలంటే దానికి పళ్ళెన్నో తెలియాలి. మెకానిక్ బొటనవేలితో తడిమి పది అన్నాడు. ఈయన కంటికి భూతద్దం తగిలించుకుని, మూడుసార్లు లెక్కపెట్టి, తొమ్మిది అన్నాడు. ఒకచోట సందు వెడల్పుగా ఉంది, అక్కడ పన్ను విరిగిపోయి ఉంటుందని మెకానిక్ గొణిగాడు. పాతకాలపు పనితనం అలాగే ఏడుస్తుందని ఈయన కొట్టిపారేశాడు. ముప్పయ్యేళ్ళుగా చీమ తలకాయంత చక్రాలకు పళ్ళు లెక్కపెడుతున్న మనిషితో వాదించేదెవరు?

ఇక తొమ్మిది పళ్ళ చక్రం కోసం వేట మొదలైంది. ఆ కారు తయారీ ఆగిపోయి అరవై ఏళ్ళయింది. పాతసామాన్ల షాపువాళ్ళంతా ఆ మోడలుకు తొమ్మిది పళ్ళది రాదు మొర్రో అన్నారు. దొరకదని చెప్పలేక సాకులు చెబుతున్నారనుకుని ఈయన మరింత పట్టుబట్టాడు. చివరకు బుధవారం ఏదో ట్రాక్టరుది దొరికింది. బిగించి తాళం తిప్పగానే అది ఇంజను చక్రంలో పీకల దాకా ఇరుక్కుపోయింది. దాన్ని తీయడానికి గేరుబాక్సు దించాల్సి వచ్చింది. గేరుబాక్సు దించడానికి చోటు చాలక, షెడ్డులోని బీరువా, మంచాలు, పెట్టెలు వీధి వరండాలోకి చేర్చాల్సి వచ్చింది. అది చూసి వీళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారనుకున్న ఎదురింటావిడ, అద్దె ఇంటి కోసం తిరుగుతున్న తన మరిదిని వెంటబెట్టుకొచ్చింది. ఎవరూ ఏమీ చెప్పేలోపే ఆయన వంటింటి కొలతలు తీసుకుని, కిటికీ చిన్నదని పెదవి విరిచి వెళ్ళాడు.

ఇక ఈయన పదికి దిగిరాక తప్పలేదు. శుక్రవారానికి పది పళ్ళది దొరికింది. విడిగా కాదు, వేరే మోడలు మోటారుతో సహా. ఆ మోటారుకు ఈ కారులోని ఆరు వోల్టులు చాలవు, పన్నెండు కావాలి. బ్యాటరీ మార్చారు. దాంతో దీపాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పేలిపోయాయి. హారను మొదలైంది, ఇక ఆగలేదు. కారు అంటుకుందనుకుని పైవాటావాళ్ళు బకెట్లతో పరుగెత్తుకొచ్చి, కారు మీద కొంత, మెకానిక్ మీద చాలా నీళ్ళు గుమ్మరించారు.

"ఆవిడ అడిగింది శబ్దమే కదండీ," అంది భార్య చెవులు మూసుకుని. "ఇది చాలదా?"

ఆదివారం తొమ్మిదింటికి అక్క వచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టకుండా, చిన్నప్పటి గదిలోకి వెళ్ళి మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుంది. తమ్ముడు షెడ్డులోకి వెళ్ళి తాళం తిప్పాడు. కారు మారు మాట్లాడకుండా మొదటిసారికే అందుకుంది. వారం రోజుల అవస్థంతా మరిచిపోయి, నవ్వుకుంటూ గదిలోకి వచ్చాడు.

"ఎప్పుడు స్టార్ట్ చేస్తావురా?" అంది అక్క కళ్ళు తెరవకుండానే.

"చేశానక్కా. వినపడటం లేదూ?"

"ఇదెవరిదో కారురా." అక్క కళ్ళు తెరిచింది. "నాన్నది రెండుసార్లు దగ్గి ఆగేది, మూడోసారికి లేచేది. ఆ దగ్గులకే నాకు మెలకువ వచ్చేది."

ఈయన వెళ్ళి కారు ఆపి, మెకానిక్‌ను పిలుచుకొచ్చాడు. నాన్న ఆ విరిగిన పన్నుతోనే ఏళ్ళ తరబడి పనికి వెళ్ళివచ్చాడు. సోమవారం ఇంకొక్కసారి తాళం తిప్పి ఉంటే సరిపోయేది. ఉన్నవి లెక్కపెట్టి, పోయినదాన్ని వదిలేసినందుకు సిగ్గేసింది. పది అన్న మాట మళ్ళీ ఎత్తనందుకు మెకానిక్‌కు దణ్ణం పెట్టాలి. అతను మూలన పడేసిన పాత పళ్ళచక్రం, పాత మోటారు, పాత బ్యాటరీ తెచ్చి బిగించడం మొదలుపెట్టాడు.

గంట గడిచింది. ఈసారి తాళం మెకానిక్ చేతికిచ్చి, తమ్ముడు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. గరగరమని ఒక దగ్గు. ఆగింది. ఇంకో దగ్గు. మళ్ళీ ఆగింది. మూడోసారికి కిటికీ అద్దాలు అదురుతుండగా కారు లేచింది. ఆయన ఆ శబ్దం వినడం పుట్టాక అదే మొదలు. అక్క దిగ్గున లేచి కూర్చుంది.

"నాన్న క్యారియరు మర్చిపోయారేమో చూడరా," అంది.

ఆ తర్వాత తన మాట తనకే వినపడి, తమ్ముడి భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ఆయనకూ ఆగలేదు. పెట్రోలు అయిపోయేదాకా కారు ఆపమని ఎవరూ అనలేదు.

మర్నాడు కొత్త మోటారు వెనక్కి ఇవ్వడానికి వెళితే, దానిలో లోపమేమిటని షాపాయన అడిగాడు.

"మొదటిసారికే స్టార్టవుతోంది," అన్నాడు వాచీల పెద్దమనిషి.