కుళాయి తప్ప ఏదైనా

తిరుగుబాటును ఇకమీదట ప్రభుత్వమే దగ్గరుండి జరిపిస్తుందని మంత్రిగారు మా ఇంటి గోడ ముందు నిలబడి ప్రకటించారు. మైకు పట్టుకున్నది మంత్రిగారి వెంట తిరిగే మా బావమరిది. మంత్రిగారి కాళ్ళకున్నవి ఆ ఉదయమే డబ్బాలోంచి తీసిన కొత్త స్నీకర్లు. వాటి పక్కలమీద నీలం రంగులో "నీళ్ళెప్పుడు?" అని ఉంది.

"ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ నన్ను నిలదీసింది. ఇవాళ్టి నుంచి నాతో కలిసి నడుస్తుంది" అన్నారు మంత్రిగారు.

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. తనను నిలదీసిన మాటను కాళ్ళకు తొడుక్కుని ఊరేగడానికి ఎంత పెద్ద మనసుండాలి. ఇలాంటి మహానుభావుల గురించి పత్రికల్లో సరిగ్గా రాయరు కాబట్టి, చూసినవాణ్ణి నేనే రాస్తున్నాను.

నేను దర్జీని. ఇంటి ముందుగదే నా దుకాణం, దాని ముందున్న గోడే ఈ గోడ. మా వీధికి కుళాయి లేదు. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఒకరోజు మా ఆవిడ ఖాళీ బకెట్లతో తిరిగొచ్చి, నా ఇస్త్రీపెట్టెలోంచి బొగ్గుముక్క తీసి, గోడమీద "నీళ్ళెప్పుడు?" అని రాసింది. నీళ్ళు పంపలేని మునిసిపాలిటీ సున్నం మాత్రం మర్నాడే పంపింది. ఆవిడ మళ్ళీ రాసింది. వాళ్ళు మళ్ళీ కొట్టారు.

"సున్నం కలపడానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చావు నాయనా?" అని మా ఆవిడ సున్నం వేసేవాణ్ణి అడిగింది.

"సున్నానికి వేరే కోటా ఉందమ్మా" అన్నాడతను.

ఇలా నడుస్తుండగా ఒకరోజు తెల్లవారి లేచి చూస్తే, మా ఆవిడ బొగ్గు అక్షరాలు మనిషెత్తు అయి కూర్చున్నాయి. నీలం, ఎరుపు, చుట్టూ నల్లటి అంచు, అడుగున సంతకంగా ఒక పిల్లి బొమ్మ. ఊళ్ళో గోడలమీద ఎవరికీ దొరక్కుండా గ్రాఫిటీ వేసి పోయే కుర్రాడొకడున్నాడు, అతన్ని అందరూ పిల్లి అనే పిలుస్తారు. గోడమీది పిల్లి ఎటు దూకుతుందో చెప్పలేమని పెద్దలు అననే అన్నారు గానీ, ఆ సంతోషంలో అది మాకు గుర్తు రాలేదు.

ఫొటోలు పత్రికల్లో పడ్డాయి. పై ఊళ్ళవాళ్ళు కూడా మా మంత్రిగారిని చూసి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వులపాలైతే గానీ కదలని ఫైలు కదిలింది. లారీలో నీటి గొట్టాలొచ్చి వీధి పొడుగునా దిగాయి. మా ఆవిడ ఆగలేక హార్డ్‌వేర్ షాపుకి పోయి ఒక ఇత్తడి కుళాయి కొనుక్కొచ్చింది. దాన్ని నా బొత్తాల డబ్బాలో దాచింది. బొత్తాం కావలసినప్పుడల్లా అది నా చేతికి తగిలేది.

గొట్టాల వెనకాలే స్నీకర్ల కంపెనీ వచ్చింది.

కంపెనీ మేనేజరమ్మ గోడని రకరకాల దిక్కుల నుంచి చూసి, "ఈ ప్రశ్నలో చాలా ఎనర్జీ ఉంది" అంది. బకెట్లు మోసేవాళ్ళలో లేని ఎనర్జీ ప్రశ్నలో ఉన్నందుకు మేమంతా సంతోషించాం. పిల్లితో కొలాబరేషన్ కుదిరింది. ప్రశ్న స్నీకరెక్కింది. ఒక పెళ్ళివారి బట్టలన్నీ నేనొక్కణ్ణే కుట్టినా ఆ కూలితో ఎడమకాలి స్నీకరు కూడా రాదు. అలాంటిదాన్ని మొదటిరోజే జనం క్యూలో నిలబడి కొన్నారు. మా వీధి క్యూ కన్నా అది పొడుగ్గా ఉందని, పైగా ఎవరూ తోసుకోలేదని మా బావమరిది మెచ్చుకున్నాడు.

అప్పుడు లేచింది అసలు రగడ. పిల్లి పాత స్నేహితులు ఊరంతా "పిల్లి అమ్ముడుపోయింది" అని రాశారు. టీవీలో నాలుగు తలకాయలు చేరి, కళాకారుడు ఆకలితో చావాలా అని ఇద్దరూ, చావకపోయినా కనీసం చిక్కిపోవాలని ఇద్దరూ వాదించారు. ప్రజాస్వామ్యంలో చర్చే ప్రాణమని నమ్మే మంత్రిగారు టౌన్‌హాల్లో బహిరంగ చర్చ పెట్టించారు. విషయం: "అమ్ముడుపోవడమా, అందరికీ అందడమా?" రెండు పక్షాలకీ భోజనం, కారు, స్నీకర్లు కంపెనీవే. అమ్ముడుపోకూడదని వాదించినాయన తన సైజు దొరకలేదని కాస్త నొచ్చుకున్నాడు.

మా ఆవిడ కూడా వచ్చింది. పొద్దెక్కేదాకా విని, లేచి నిలబడి అడిగింది.

"నీళ్ళెప్పుడు?"

హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు. వెనకవరసలో కుర్రాళ్ళు ఈలలు వేశారు. మేనేజరమ్మ పరిగెత్తుకొచ్చి మా ఆవిడ చేతిలో ఒక టీషర్టు పెట్టింది. దానిమీదా అదే ప్రశ్న.

"నేను అడుగుతున్నానమ్మా" అంది మా ఆవిడ.

"ఎగ్జాక్ట్లీ" అంది మేనేజరమ్మ.

తర్వాతి వారం ఇంజనీరు వచ్చాడు. గొట్టం వెయ్యాలంటే గోడ అడుగున కొంచెం పగలగొట్టాలన్నాడు. గంటలో మంత్రిగారు, మేనేజరమ్మ, పిల్లి, మా బావమరిది నా దుకాణంలో కూర్చున్నారు. ఉన్నది ఒక్క స్టూలు. మంత్రిగారు దానిమీద, మేనేజరమ్మ నా మిషను ముందు కుర్చీలో, నేను గుమ్మంలో.

"గోడకి గీత పడకూడదు" అంది మేనేజరమ్మ.

"గొట్టం చుట్టూ తిప్పి తెస్తాను" అన్నాడు ఇంజనీరు.

"గోడ ఒక్కటే కాదు సార్. నీళ్ళొచ్చేస్తే ఆ ప్రశ్నకి అర్థమేముంటుంది? మూడేళ్ళ ఒప్పందం. వచ్చే సీజన్లో చెప్పులు, ఆ తర్వాత చిన్నపిల్లల సైజులు. జవాబు వచ్చేసిన ప్రశ్నని ఎవరు కొంటారు?"

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఆలోచించడం నేను దగ్గరగా చూడటం అదే మొదలు.

"ప్రజలు ప్రశ్న అడిగితే, జవాబిచ్చి వాళ్ళ నోరు నొక్కే ప్రభుత్వం కాదు మాది" అన్నారు కళ్ళు తెరిచి.

ఇంజనీరు టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. మా బావమరిది ఆ వాక్యాన్ని అరచేతిమీద రాసుకున్నాడు.

మా ఆవిడ లోపల్నుంచి అరగ్లాసు నీళ్ళు తెచ్చి పిల్లికిచ్చింది. పిల్లి సన్నగా ఉంటాడు. గోళ్ళలో ఇంకా నీలం రంగు ఉంది. కాళ్ళకి తన పేరుమీద వచ్చిన స్నీకర్లే గానీ, మట్టి అంటకూడదని కంపెనీవాళ్ళు చెప్పారట, అందుకని మడమలమీద కూర్చున్నాడు.

"బాబూ, నువ్వు అమ్ముడుపోతే పోయావు. నీ చెయ్యి నీది, నీ కడుపు నీది, నేను తప్పు పట్టను" అంది మా ఆవిడ. "నీతోపాటు మా నీళ్ళెందుకు అమ్మావు?"

"అక్కా, నేను లోపలికి పోయి లోపల్నుంచి మారుస్తాను."

"దేన్ని?"

"సిస్టమ్‌ని."

"సరే. ముందు ఆ గ్లాసులో చుక్క మిగల్చకుండా తాగు. కడగడానికి లేవు, తుడిచి పెట్టుకోవాలి."

పిల్లి తాగాడు. తర్వాత మేనేజరమ్మ ఇచ్చిన కాగితంమీద, ఈ మూడేళ్ళూ ప్రశ్నకి ఎవరు జవాబిచ్చినా ఒప్పుకోనని సంతకం పెట్టాడు. సంతకమంటే పిల్లి బొమ్మే. దాని తోక వంకర పోయింది.

గొట్టాలు ఎత్తుకుపోయారు. ఊరికే పోనివ్వలేదు లెండి, వాటికి రంగులేసి స్నీకర్ల షోరూం ముందు నిలువుగా పాతారు. దాహానికి ప్రతీక అట. జనం వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

మా వీధిని మాత్రం మంత్రిగారు మరిచిపోలేదు. ఎండకీ దుమ్ముకీ రంగులు మాసిపోతున్నాయని మేనేజరమ్మ బాధపడితే, రోజూ పొద్దున్నే గోడని కడగడానికి ఒక ట్యాంకరు ఏర్పాటు చేయించారు. మాకు వచ్చే ట్యాంకరు వారానికొకసారైనా రాదు గానీ, గోడ ట్యాంకరు ఒక్కరోజు తప్పలేదు. సన్నటి ధారతో పై అక్షరం నుంచి కింద పిల్లిదాకా మెత్తగా కడిగేవారు. వీధి ఆడవాళ్ళు గోడ కింద బకెట్లు వరసగా పెట్టారు. కంపెనీ సెక్యూరిటీ గార్డు వచ్చి బకెట్లు తీయించాడు.

"ఇవి ఆర్ట్ కడిగిన నీళ్ళు. కంపెనీవి" అన్నాడు.

"కాలవలోకి పోతున్నాయిగా" అంది మా ఆవిడ.

"కాలవకి పర్మిషనుంది."

గార్డు టీకి పోయినప్పుడల్లా మా ఆవిడ ఒక బకెట్టు జరిపేది. అలా పోగైన నీళ్ళతో ఒకరోజు, గార్డు టిఫినుకి పోగానే, పట్టపగలు, అందరూ చూస్తుండగా, పీపాలో సున్నం కలిపింది. నేను మిషను ఆపి బయటికొచ్చాను.

"ఏం చేస్తున్నావే?"

"ప్రశ్న పోతే ఒప్పందం పోతుంది. ఒప్పందం పోతే గొట్టాలొస్తాయి. మీరు పక్కకి జరగండి, చొక్కామీద పడుతుంది."

జరిగాను. నేను చేసిన సాయం అంతే. ఆవిడ నిచ్చెనెక్కి, మనిషెత్తు అక్షరాలని పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చింది. చివర పిల్లి దగ్గర కాసేపు ఆగింది. తర్వాత దాన్నీ కొట్టేసింది. గోడ మా పెళ్ళినాటి గోడలా తెల్లగా అయింది. నాకు భయమూ వేసింది, ఎందుకో ఏడుపూ వచ్చింది.

ప్రజల కళాసంపదని ధ్వంసం చేసినందుకు సాయంత్రంలోగా మా ఆవిణ్ణి స్టేషన్‌కి తీసుకుపోయారు. మా బావమరిది నా వెనకాలే వచ్చాడు.

"అక్కా, క్షమాపణ చెప్పెయ్. మంత్రిగారు చాలా బాధలో ఉన్నారు. మధ్యాహ్నం భోజనం కూడా ఆలస్యంగా చేశారు."

"ఒరే, నీ చిన్నప్పుడు నీకు నీళ్ళు పోసింది నేనేరా" అంది మా ఆవిడ. వాడు తల దించుకుని, మైకు లేకపోతే ఏం మాట్లాడాలో తెలియక, బయటికి పోయాడు.

మంత్రిగారూ మేనేజరమ్మా వచ్చారు. మంత్రిగారి మొహం ముడుచుకుని ఉంది. మేనేజరమ్మది వెలిగిపోతోంది.

"మేడం, మీరు చేసింది ఎంత గొప్ప పనో మీకు తెలీదు. ఒక తిరుగుబాటుమీద ఇంకో తిరుగుబాటు. పొద్దున్నుంచి ఫోన్లు ఆగట్లేదు. కేసు మేమే తీసేయిస్తాం. పూర్తి తెల్ల స్నీకర్, మీ పేరుమీద. లిమిటెడ్ ఎడిషన్."

"అంటే నన్ను కొంటారా?" అంది మా ఆవిడ.

"అలా అనుకోకండి మేడం. కొలాబరేషన్."

"అనుకుంటాను, ఫరవాలేదు. నేను అమ్ముడుపోతాను. బేరం కూడా ఆడను." మా ఆవిడ కొంగుముడి విప్పి ఇత్తడి కుళాయి తీసి స్టేషన్ బల్లమీద పెట్టింది. ఎప్పుడు తెచ్చుకుందో నాకే తెలియదు. "కుళాయి నాదే. దాని వెనక నీళ్ళు పెట్టండి చాలు."

మేనేజరమ్మ మంత్రిగారి వైపు చూసింది.

"ఇల్లు రంగులేయిస్తాం. మీ ఆయనకి కరెంటు మిషన్. మీకు ఒక యాత్ర. కుళాయి తప్ప ఏదైనా అడగండి" అంది మేనేజరమ్మ.

"కుళాయే."

మంత్రిగారు లేచి మా ఆవిడకి రెండు చేతులా దణ్ణం పెట్టారు. నాకు తెలిసి ఆ స్థాయిలో ఉన్నవారు మా ఆవిడకి దణ్ణం పెట్టడం అదే మొదటిసారి.

"తల్లీ, కుళాయి ఇస్తే రేపు ఊరంతా నువ్వు అమ్ముడుపోయావంటారు" అన్నారు తడి గొంతుతో. "నీ నిజాయితీకి మచ్చ రానివ్వను. నేనున్నంతకాలం మీ వీధికి నీళ్ళు రావు. ఇది నా మాట."

మాట తప్పే మనిషి కాదాయన.

మా ఆవిణ్ణి ఆ సాయంత్రమే పంపేశారు. కుళాయి మళ్ళీ బొత్తాల డబ్బాలోకి వచ్చింది. పిల్లి వచ్చి, పాత ఫొటో చూసుకుంటూ గోడమీద ప్రశ్నని మళ్ళీ వేశాడు, ఈసారి పగలు, గార్డు గొడుగు పట్టుకోగా. మా ఇంటివైపు తల తిప్పలేదు. తెల్ల స్నీకర్లు మాత్రం మా ఆవిడ సంతకం లేకుండానే వచ్చాయి, తెలుపు ఎవరి సొంతమూ కాదని కంపెనీ లాయరు చెప్పాట్ట.

పోయిన నెల మంత్రిగారు స్వయంగా వచ్చి మా వీధిలో ఇంటికొక జత ఉచితంగా పంచారు. మైకు మా బావమరిదిదే. మా ఆవిడ తన జత డబ్బా విప్పి, లోపలి అట్టమీద ఉన్నది నాకు చదివి వినిపించింది. ఈ స్నీకర్లకి నీళ్ళు తగలనివ్వరాదు, తగిలితే పాడవుతాయని ఉంది.

మా వీధిలో ఇంతవరకు ఒక్క జత కూడా పాడవలేదు.